జావా సర్వరు జవాబుకు చీటీ అంటించేదెవరు?

తెర నిండా ప్రశ్నార్థకాలు. డేటాబేసులో తెలుగు అక్షరాలు చక్కగానే ఉన్నాయి, లాగ్ ఫైల్లోనూ ఉన్నాయి. బ్రౌజరుకు చేరేసరికి మాత్రం అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఒక ప్రశ్నార్థకం. చాలా ఏళ్ల కిందట ఈ చిక్కుతో ఒక రోజంతా కుస్తీ పట్టాను. పేజీ తలకట్టులో మెటా ట్యాగ్ రాశాను. బ్రౌజరు మెనూలో ఎన్‌కోడింగ్ మార్చి చూశాను. డేటాబేసు కనెక్షన్ చిరునామాకు తోకలు తగిలించాను. ఏదీ పనిచేయలేదు. చివరికి తేలిందేమిటంటే, రెండు వరుసలు తారుమారయ్యాయి: జవాబులో అక్షరాలు రాసే రైటర్‌ను తెచ్చిచ్చే గెట్‌రైటర్‌ను ముందు పిలిచాను, జవాబు రకాన్ని చెప్పే సెట్‌కంటెంట్‌టైప్‌ను తర్వాత పిలిచాను. కంపైలర్ పల్లెత్తు మాట అనలేదు, ఎక్సెప్షనూ రాలేదు. అడిగిన పనిలో సగం చేసి మిగతా సగాన్ని కంటైనర్ (మన జావా కోడ్‌ను నడిపే సర్వరు ప్రోగ్రాము) నిశ్శబ్దంగా పక్కన పడేసింది.

జవాబులో ఉన్నది ఏ రకం సరుకో చెప్పే కంటెంట్ టైప్ గురించి వెతికితే దొరికే సమాధానాల్లో ఎక్కువ భాగం ‘ఈ ఫైలుకు ఈ రకం పెట్టండి’ అనే పట్టికలే. పట్టిక చూసి రకం ఎంచుకోవడం నిమిషం పని. జావా సర్వరులో మనిషిని తిప్పలు పెట్టేది ఆ రకాన్ని ఎప్పుడు చెప్పాలి, మనం చెప్పాక దాన్ని ఎవరు మార్చగలరు అన్నవే.

చీటీలో రెండు భాగాలు

సర్వరు పంపేది బైట్ల వరుస. అది బొమ్మో, పట్టికో, ఉత్తరమో బైట్లను చూసి ఖాయంగా చెప్పలేం. అందుకే మూటతో పాటు కంటెంట్-టైప్ అనే హెడర్ రూపంలో ఒక చీటీ వెళ్తుంది. ఈ చీటీ వెబ్ కోసం పుట్టింది కాదు. ఈమెయిల్లో బొమ్మలూ ఆంగ్లేతర అక్షరాలూ పంపడానికి నథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో మైమ్ ప్రమాణాన్ని రాశారు. వెబ్ దాన్ని అరువు తెచ్చుకుంది.

చీటీ మీద రెండు సంగతులు ఉండొచ్చు. మొదటిది రకం: టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్, అప్లికేషన్/పీడీఎఫ్, ఇమేజ్/పీఎన్‌జీ వంటివి. రెండోది, అక్షరాలున్న జవాబైతే, ఆ అక్షరాలను ఏ పద్ధతిలో బైట్లుగా మార్చారో చెప్పే చార్‌సెట్. సర్వ్‌లెట్ (బ్రౌజరు అభ్యర్థనకు జవాబిచ్చే జావా క్లాసు) రాసేవాళ్లను బోల్తా కొట్టించేది ఎక్కువగా ఈ రెండోదే. ఎందుకంటే అది చీటీ మీది రాత మాత్రమే కాదు. అక్షరాలను బైట్లుగా మార్చే యంత్రానికి ఇచ్చే ఆదేశం కూడా. గెట్‌రైటర్‌ను పిలిచిన క్షణంలో కంటైనర్ ఆ యంత్రాన్ని బిగించేస్తుంది. అప్పటికి ఏ చార్‌సెట్ చెప్పి ఉంటే అదే ఖాయం. ఏదీ చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1. పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన ఆ పట్టికలో ఉన్నవి 256 స్థానాలు. తెలుగుకు వాటిలో ఒక్కటీ లేదు.

ఈ అలవాటు ఎక్కడిది? 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం, టెక్స్ట్ జాతి జవాబుకు చార్‌సెట్ చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1 అనుకోమంది. 2014లో ఆ ప్రమాణాన్ని తిరగరాసినప్పుడు ఆ నియమాన్ని తీసేశారు. సర్వ్‌లెట్ల ప్రపంచంలో మాత్రం అది వారసత్వంగా మిగిలిపోయింది. 2022లో వచ్చిన జావా 18 తన సొంత డిఫాల్ట్ చార్‌సెట్‌ను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 చేసింది కదా, ఇక బెంగ లేదని కొందరు అనుకుంటారు. ఆ మార్పు ఫైళ్లు చదవడం, గెట్‌బైట్స్ వంటి చోట్ల పనికొస్తుంది. సర్వ్‌లెట్ రైటర్‌కు దానితో సంబంధం లేదు.

రెండు రోగాలు, రెండు మందులు

తెలుగు చెడిపోయి కనిపించినప్పుడు చాలామంది ‘ఎన్‌కోడింగ్ సమస్య’ అని ఒకే పేరు పెట్టేస్తారు. కాస్త పరకాయించి చూస్తే ఇవి రెండు వేర్వేరు రోగాలు.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే అక్షరాలు సర్వరులోనే చచ్చిపోయాయని అర్థం. రైటర్ దగ్గర ఐఎస్ఓ-8859-1 పట్టిక ఉంది, ‘త’ అనే అక్షరానికి అందులో చోటు లేదు, కాబట్టి దాని బదులు ఒక ప్రశ్నార్థకాన్ని రాసి పంపేసింది. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడక్షరాలే అయినా యూనికోడ్‌లో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు. అందుకే ఆరు ప్రశ్నార్థకాలు వస్తాయి. అసలు సమాచారం పోయింది. బ్రౌజరు వైపు ఏం చేసినా అది తిరిగి రాదు. నేను ఆ రోజు బ్రౌజరు మెనూతో ఆడుకోవడం ఎంత దండగ పనో ఇప్పుడు తెలుస్తోంది.

రెండో రోగంలో తెర మీద ఇంగ్లిష్ చిన్న a నెత్తిన వాలుగీతలు, డిగ్రీ గుర్తులు, కూడిక కింద తీసివేత గీసిన గుర్తులు వరుసగా కనిపిస్తాయి. ఇది చూసి భయపడనక్కర్లేదు. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. మొదటిది ఎప్పుడూ పదహారింటి లెక్కలో ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ఆ బైట్లనే పాశ్చాత్య పట్టికతో చదివితే వచ్చేవి సరిగ్గా ఆ గుర్తులే. అంటే సాధారణంగా సరుకు క్షేమంగా చేరింది, చీటీయే తప్పు. చీటీ సరిచేస్తే సరిపోతుంది.

మూడో దారి కూడా ఒకటుంది. గెట్‌రైటర్ బదులు గెట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ తీసుకుని, దాని ప్రింట్ మెథడ్‌తో తెలుగు రాయబోతే, ‘ఇది ఐఎస్ఓ 8859-1 అక్షరం కాదు’ అంటూ ఎక్సెప్షన్ ఎగిరి వస్తుంది. కనీసం ఇది బయటికి చెప్పే తప్పు, నాకు ఇదే నయమనిపిస్తుంది. స్ట్రీమ్ బైట్ల కోసం, రైటర్ అక్షరాల కోసం. ఒకే జవాబులో రెండింటినీ పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ తప్పదు.

తలుపు మూసుకునే క్షణం

రైటర్ తీసుకోవడం మొదటి గడువు. దాని తర్వాత సెట్‌కంటెంట్‌టైప్‌ను పిలిస్తే రకం మారుతుంది గానీ చార్‌సెట్ మారదు. నా కథలో జరిగిన సగం పని ఇదే. రెండో గడువు ఇంకా కఠినం. మనం రాసేదంతా వెంటనే వైరు మీదికి వెళ్లదు; ముందు బఫర్ అనే తాత్కాలిక నిల్వలో చేరుతుంది. బఫర్ నిండినా, మనం ఫ్లష్ చేసినా, హెడర్లు ముందుగా బయల్దేరతాయి. దీన్నే కమిట్ కావడం అంటారు. ఆ తర్వాత సెట్‌కంటెంట్‌టైప్‌ను ఎన్నిసార్లు పిలిచినా గోడకు చెప్పుకున్నట్టే. మూట బయల్దేరాక చీటీ అంటించడం కుదరదు.

ఇందులో ఒక గడుసు సంగతి ఉంది. టామ్‌క్యాట్ అనే కంటైనర్‌లో బఫర్ మామూలుగా 8192 బైట్లు. పరీక్షించేటప్పుడు మన దగ్గర పది వరుసల డేటా ఉంటుంది. జవాబంతా బఫర్‌లోనే ఇమిడిపోతుంది. రకాన్ని ఆలస్యంగా చెప్పినా చెల్లిపోతుంది. అసలు వాడకందార్ల దగ్గర వెయ్యి వరుసలు వస్తాయి, బఫర్ మధ్యలోనే నిండి కమిట్ అవుతుంది, అదే కోడ్ తప్పు చీటీతో పంపుతుంది. ‘నా మెషీన్లో బాగానే ఉంది’ అనే మాట వెనక ఇలాంటి ఎనిమిది కిలోబైట్ల కథలు ఎన్నో.

కమిట్ కాకముందు మనసు మార్చుకుంటే దారి ఉంది. రీసెట్‌బఫర్ రాసిన సరుకును మాత్రమే తుడుస్తుంది. రీసెట్ అయితే సరుకుతో పాటు స్టేటస్ కోడ్‌నూ హెడర్లనూ తుడిచేసి, రైటర్ తీసుకున్నామన్న గుర్తును కూడా చెరిపేస్తుంది. పీడీఎఫ్ తయారీ మధ్యలో విఫలమై, దాని బదులు తప్పు సందేశం ఉన్న పేజీ పంపాల్సి వస్తే కావలసింది రెండోది.

చార్‌సెట్‌ను మాత్రమే విడిగా చెప్పే సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ 2003లో సర్వ్‌లెట్ 2.4తో రెస్పాన్స్‌లోకి వచ్చింది. జవాబు భాషను చెప్పే సెట్‌లొకేల్ కూడా పరోక్షంగా చార్‌సెట్‌ను మార్చగలదు, మనం వేరే చోట స్పష్టంగా చెప్పి ఉండకపోతే. భాషను బట్టి ఎన్‌కోడింగ్ ఊహించడం ఒకప్పటి అవసరం. ఇప్పుడు దాని జోలికి పోకపోవడం మేలు. 2017 నాటి సర్వ్‌లెట్ 4.0 నుంచి అప్లికేషన్ అమరికల ఫైలైన వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక్క వరుస రాసి అప్లికేషన్ అంతటికీ జవాబుల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పేయొచ్చు. కొత్త ప్రాజెక్టులో నేను మొదట రాసేది ఆ వరుసే.

జేఎస్‌పీ, దాని చుట్టాలు

హెచ్‌టీఎమ్‌ఎల్ మధ్యలో జావా కలిపి రాసుకునే జేఎస్‌పీలో, కంటైనర్‌కు ఆదేశాలిచ్చే పేజీ డైరెక్టివ్‌కు ఇక్కడ పట్టించుకోవాల్సిన గుణాలు రెండు: కంటెంట్‌టైప్, పేజ్‌ఎన్‌కోడింగ్. మొదటిది బయటికి వెళ్లే జవాబు గురించి. రెండోది డిస్కు మీదున్న జేఎస్‌పీ ఫైలును కంటైనర్ ఎలా చదవాలో చెబుతుంది. పేజ్‌ఎన్‌కోడింగ్ మరిచిపోయి, డైరెక్టివ్‌లోని కంటెంట్‌టైప్‌లోనూ చార్‌సెట్ చెప్పకపోతే, జవాబు చీటీని వేరే చోట ఎంత సరిగ్గా రాసినా, ఫైల్లో మనం చేత్తో రాసిన తెలుగు మాటలు చదివేటప్పుడే చెడిపోవచ్చు. డేటాబేసు నుంచి వచ్చినవి బాగుండి, పేజీలో రాసిన శీర్షికలు మాత్రం పాడైతే అనుమానించాల్సింది దీన్నే.

జేఎస్‌పీ నుంచి బొమ్మలూ పీడీఎఫ్‌లూ పంపే కోడ్ పాత ప్రాజెక్టుల్లో ఇంకా కనిపిస్తుంది. జేఎస్‌పీ తానే రైటర్‌ను వాడుకుంటుంది. డైరెక్టివ్‌ల మధ్య ఉన్న ఖాళీ వరుసలు కూడా సరుకులో కలిసిపోతాయి. ఆ దారిన వెళ్లకండి. బైట్లు పంపడానికి సర్వ్‌లెట్ ఉంది.

ఒక సర్వ్‌లెట్ మరొకదాన్ని ఇంక్లూడ్ చేసుకున్నప్పుడు, లోపలికి వచ్చినదానికి హెడర్లు ముట్టుకునే హక్కు ఉండదు. అది సెట్‌కంటెంట్‌టైప్‌ను పిలిచినా ఫలితం శూన్యం, ఫిర్యాదూ ఉండదు. ఫార్వర్డ్ అయితే వేరు: బఫర్ ఖాళీ అయి పగ్గాలు రెండోదాని చేతికి వెళ్తాయి. అప్పటికే కమిట్ అయి ఉంటే ఎక్సెప్షన్ వస్తుంది.

ఫిల్టర్ చేతిలో తాళం

అప్లికేషన్ మొత్తానికి ఒక నియమం పెట్టాలంటే అందరికీ ముందు తోచేది ఫిల్టర్, అంటే అభ్యర్థన సర్వ్‌లెట్‌ను చేరేముందు దాటి వెళ్లే కోడ్. 2001లో సర్వ్‌లెట్ 2.3తో వచ్చిన ఈ సదుపాయం సరైనదే, వాడే తీరులోనే పొరపాటు జరుగుతుంది. అభ్యర్థనను లోపలికి పంపే డూఫిల్టర్ పిలుపుకు ముందు రకం చెబితే, లోపలి సర్వ్‌లెట్ దాన్ని చెరిపి తనది రాసుకోవచ్చు. తర్వాత చెబితే, అప్పటికే తలుపు మూసుకుని ఉండొచ్చు. ముందు చెబితే వినరు, తర్వాత చెబితే వినపడదు.

నిజంగా తాళం వేయాలంటే రెస్పాన్స్‌కు తొడుగు వేయాలి. హెచ్‌టీటీపీసర్వ్‌లెట్‌రెస్పాన్స్‌ర్యాపర్ అనే క్లాసును విస్తరించి, సెట్‌కంటెంట్‌టైప్‌ను మనకు నచ్చినట్టు తిరగరాసి, ఆ తొడుగును లోపలికి పంపాలి. చాలా ఉదాహరణలు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ అదే హెడర్‌ను సెట్‌హెడర్, యాడ్‌హెడర్ ద్వారా కూడా రాయొచ్చు. చార్‌సెట్‌ను సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ మార్చగలదు, సెట్‌లొకేల్ మార్చగలదు. ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచితే లాభం లేదు. మన అప్లికేషన్‌లో పాత లైబ్రరీ ఏదైనా మొండిగా తప్పు రకం పంపుతున్నప్పుడు ఈ తొడుగే గతి. మన సొంత కోడ్‌ను సరిదిద్దడానికి మాత్రం దీన్ని వాడకండి; తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడ దిద్దడమే సులువు.

స్థిరంగా ఉండే ఫైళ్ల సంగతి తేలిక. కంటైనర్‌లోని డిఫాల్ట్ సర్వ్‌లెట్ ఫైలు పొడిగింపును చూసి, మైమ్ మ్యాపింగ్ పట్టికలో వెతికి రకం చెబుతుంది. పట్టికలో లేని కొత్త పొడిగింపు వస్తే వెబ్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో చేర్చుకోవాలి. ఈ మధ్య దీని విలువ పెరిగింది: మాడ్యూల్‌గా పిలిచిన జావాస్క్రిప్ట్ ఫైలు సరైన రకంతో రాకపోతే బ్రౌజర్లు దాన్ని అసలు నడపవు.

జేసాన్, బేరసారాలు

ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రూపమైన జేసాన్ దగ్గర ఒక విచిత్రం. దాని ప్రమాణం ప్రకారం అప్లికేషన్/జేసాన్ అనే రకానికి చార్‌సెట్ అనే తోకే లేదు. వ్యవస్థల మధ్య తిరిగే జేసాన్ యూటీఎఫ్-8లోనే ఉండాలి. అది చదివి మనం చార్‌సెట్ చెప్పకుండా రైటర్ తీసుకుంటే, సర్వ్‌లెట్ కంటైనర్ తన పాత అలవాటు ప్రకారం ఐఎస్ఓ-8859-1 బిగించవచ్చు. కాబట్టి సర్వ్‌లెట్‌లో నేరుగా జేసాన్ రాసేటప్పుడు చార్‌సెట్ చెప్పండి, లేదా యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి స్ట్రీమ్‌లోకి పంపండి. ప్రమాణం అనవసరమన్నా, ఆ చార్‌సెట్‌ను ఇక్కడ చెప్పడమే క్షేమం.

ఫ్రేమ్‌వర్కులు వచ్చాక ఈ చేతిపని తగ్గింది, ఊహించే పని పెరిగింది. జాక్స్-ఆర్‌ఎస్‌లో మెథడ్ మీద ప్రొడ్యూసెస్ అని రాస్తాం. స్ప్రింగ్‌లో రిక్వెస్ట్‌మ్యాపింగ్‌కు ప్రొడ్యూసెస్ అనే గుణం ఇస్తాం. అవతలివాళ్లు యాక్సెప్ట్ హెడర్‌లో తమకు ఏవి ఇష్టమో వరుస చెబుతారు. రెండింటినీ పోల్చి ఫ్రేమ్‌వర్క్ రకాన్ని ఎంచుతుంది. పొత్తు కుదరకపోతే 406 (అడిగిన రకంలో ఇవ్వలేం) అనే జవాబు వెళ్తుంది.

మనం ప్రొడ్యూసెస్ రాయకపోతే ఏమవుతుంది? స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టులో వేరే అవసరం కోసం జాక్సన్ వారి ఎక్స్‌ఎమ్‌ఎల్ లైబ్రరీని చేర్చారనుకోండి. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు. కానీ బ్రౌజరులో అదే చిరునామా తెరిస్తే నిన్నటిదాకా జేసాన్ వచ్చిన చోట ఎక్స్‌ఎమ్‌ఎల్ వస్తుంది. బ్రౌజర్ల యాక్సెప్ట్ హెడర్‌లో అప్లికేషన్/ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు ఉంటుంది, జేసాన్ పేరు ఉండదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ రాయగల చెయ్యి ఇప్పుడు దొరికింది కాబట్టి బేరం అటు తెగింది. కర్ల్ అనే కమాండ్ లైన్ పనిముట్టుతో చూసేవారికి ‘ఏదైనా సరే’ అన్న యాక్సెప్ట్ వెళ్తుంది కాబట్టి వారికి పాత జేసానే కనిపిస్తుంది. ఇద్దరు సహోద్యోగులు ఒకే చిరునామా గురించి వాదులాడుకోవడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. ఒకే చిరునామా రెండు రకాలు ఇస్తుంటే వేరీ హెడర్‌లో యాక్సెప్ట్ అని కూడా రాయాలి, లేకపోతే జవాబులను దాచి ఉంచే మధ్యలోని క్యాషె ఒకరి జవాబును మరొకరికి అందిస్తుంది.

తప్పు జరిగినప్పుడు చీటీ మరోసారి చేతులు మారుతుంది. సెండ్‌ఎర్రర్‌ను పిలిస్తే కంటైనర్ బఫర్‌ను ఖాళీ చేసి, రకాన్ని టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చి, తన సొంత పేజీ పంపడం మామూలు. జేసాన్ కోసం కాచుకున్న జావాస్క్రిప్ట్ అది చదవబోయి, మొదటి కోణపు బ్రాకెట్ దగ్గరే తడబడుతుంది. ఏపీఐ రాసేవారు స్టేటస్‌ను సెట్‌స్టేటస్‌తో చెప్పి, సరుకును తామే రాయడమో, సొంత ఎర్రర్ పేజీని నమోదు చేసుకోవడమో చేయాలి.

బ్రౌజరు అనుమానం

ఇంత చేశాక కూడా బ్రౌజరు చీటీని నమ్మకపోవచ్చు. తప్పు రకాలు పంపే సర్వర్లు మొదటి నుంచీ ఉండటంతో, బైట్లను వాసన చూసి రకం ఊహించే అలవాటు బ్రౌజర్లకు వచ్చింది. దొంగలకు ఇది దారి చూపింది: మామూలు అక్షరాల ఫైలు పేరుతో ఎక్కించిన దాంట్లో హెచ్‌టీఎమ్‌ఎల్ దాచి, బ్రౌజరు చేత నడిపించడం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8తో ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్ అనే హెడర్, దానికి నోస్నిఫ్ అనే విలువ వచ్చాయి. వాసన చూడొద్దు, చీటీనే నమ్ము అని దాని భావం. స్ప్రింగ్ సెక్యూరిటీ దాన్ని అడక్కుండానే పంపుతుంది.

నోస్నిఫ్ పెట్టాక మన బాధ్యత రెట్టింపవుతుంది, ఎందుకంటే ఇక చీటీ తప్పయితే కాపాడేవారు లేరు. జేసాన్‌ను టెక్స్ట్/హెచ్‌టీఎమ్‌ఎల్ చీటీతో పంపితే, అందులో వాడకందారు రాసిన స్క్రిప్టు ట్యాగ్ నిజంగానే నడుస్తుంది. వాడకందారు ఎక్కించిన ఫైలుకు అతడి బ్రౌజరు చెప్పిన రకాన్నే మళ్లీ అంటించడం ఇంకో తప్పు. అది అవతలివారి మాట, సాక్ష్యం కాదు. ఎస్‌వీజీ బొమ్మలో స్క్రిప్టు ఇమిడి ఉండగలదని గుర్తుంటే చాలు. అనుమానం ఉన్న ఫైలును కంటెంట్-డిస్పోజిషన్ హెడర్‌లో అటాచ్‌మెంట్ అని చెప్పి, దించుకునేలా పంపడం మంచిది. ఆ ఫైలు పేరు తెలుగులో ఉంటే ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం ఉన్న రూపాన్ని వాడి, పేరును యూటీఎఫ్-8 బైట్ల శాతపు సంకేతాలుగా మార్చాలి. మామూలు రూపంలో రాస్తే మళ్లీ ప్రశ్నార్థకాల కథే.

ఎన్ని పుస్తకాలు చదివినా చివరికి చూడాల్సింది వైరు మీద వెళ్లినది. కర్ల్‌కు ఐ అనే చిన్నక్షరపు గుర్తు ఇచ్చి హెడర్లతో సహా జవాబు తెప్పించండి. పెద్దక్షరం ఇస్తే అది హెడ్ అభ్యర్థన పంపుతుంది, కోడ్‌లో వేరే దారి నడవొచ్చు. తర్వాత సరుకును పదహారింటి లెక్కలో చూపే పనిముట్టులోకి మళ్లించండి. తెలుగు ఉండాల్సిన చోట ఈ0 బీ0 కనిపిస్తే సర్వరు తన పని చేసింది, చీటీ చదవండి. 3ఎఫ్ కనిపిస్తే అది ప్రశ్నార్థకపు బైటు. కోడ్‌లో రైటర్‌ను మొదటిసారి తీసుకున్న వరుస వెతికి, దాని పైన ఏముందో చూడండి. అక్కడా సవ్యంగానే ఉంటే ఆ మాట సర్వరులోకి వచ్చిన దారి పట్టుకోవాలి.